మంచుగోడ మీద తెల్లపిట్టలు

జూన్ 11

యావన్మంది ఊరి ప్రజలకూ, కుక్కలకూ, ఆ కుక్కలను పెంచి ఊరి మీదికి వదులుతున్న సకేయుస్‌కూ బొలెత్తె అను నేను ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: నా ఇంటి వెనక బండల మీద ఎండుతున్న చేపలు నావి. సముద్రం ఇచ్చినా ఎండబెట్టింది నేను. దుకాణం ముందున్న బల్ల మీద ఎడమ చివర నాది. అది నా నడుముకు తగినట్టు అరిగింది గనుక వేరొకరు కూర్చుంటే వారికే నష్టం. నా కాఫీ కూజా ఎవరూ అరువు అడగరాదు. అడిగినవారి తలుపు గొళ్లేనికి చేప పేగులు కట్టబడును. ఈ ఉత్తర్వు, వేసవంతా కుంకని మా సూర్యుడు మళ్లీ కుంకే దాకా, అంటే జూలై నెలాఖరు వరకు, అమల్లో ఉండును.

పైదంతా గోడకు అంటిద్దామనే రాశాను. కానీ నర్సమ్మ రక్తపోటు చూసి గుడ్లు తేలేసింది. కోపం వచ్చినప్పుడు నోటితో కాదు, పెన్నుతో తిట్టమంది. బడి మూతపడ్డప్పుడు మిగిలిన నోటుబుక్కు ఒకటి చేతిలో పెట్టింది. నేను ఆరో తరగతి దాకా చదివాను. తిట్టడానికి అది చాలు.

అసలు కోపం కుక్క మీద కాదు. రేవులో బోర్డు పెట్టారు.

పట్నం నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, రేవు మెట్ల పక్కన రెండు స్తంభాలు పాతి, వాటి మీద రేకు బిగించి, నా కాఫీ తాగి పోయారు. వాళ్లు వెళ్లాక చదివాను. కొండల మీంచి సముద్రంలోకి దిగిన మంచుగోడ దగ్గరికి వెళ్లే పడవలవాళ్లకు స్థానికుల అనుభవం అట. గోడ మీదా, గోడ కింద నీళ్ల మీదా తెల్లపిట్టలు కదలకుండా కూర్చుని ఉంటే భయం లేదట. పిట్టలన్నీ చప్పుడు చేయకుండా ఒక్కసారిగా లేస్తే గోడ విరగబోతున్నట్టట. కింద చిన్న అక్షరాల్లో: చెప్పినది వేటగాడు పావియా. కూతురు బొలెత్తె నోట విన్నది.

నా పేరు రేకు మీద. అడిగారా? అడగలేదు. నా కాఫీ తాగారు.

జూన్ 12

కుక్క మళ్లీ తినేసింది. ఆరు చేపలు.

జూన్ 14

ఓడ వచ్చింది. గోడ చూడ్డానికి వచ్చే జనం, ఎర్రకోట్లు తొడుక్కుని దిగారు. పావియా పడవ ఎక్కించుకుని వెళ్లాడు. ఇన్నాళ్లూ దారి మధ్యలో నీళ్లలోంచి లేచిన నల్లదిబ్బ దగ్గర ఆపేవాడు. అక్కణ్నుంచి మంచుగోడ అరచేయంత కనిపిస్తుంది, అది చాలు. ఇవాళ తిరిగొచ్చి చెబుతున్నాడు, గోడకు మూడు పడవల దూరంలో ఇంజన్ ఆపాడట. ఎర్రకోట్లవాళ్లు ఏడ్చేశారట ఆనందంతో.

రేవులోనే పట్టుకున్నాను.

"నాన్నా, అంత దగ్గరికి పోకు. దిబ్బ దగ్గరే ఆపు."

"పిట్టలు కూర్చునే ఉన్నాయి బిడ్డా."

"పిట్టలకేం తెలుసు?"

"తెలుసని నేనే కదా నీకు చెప్పింది!" బోర్డు వైపు గడ్డం ఎగరేశాడు. "చూడు, నా పేరే."

ఇరవై ఆరేళ్లుగా ఇదే గొడవ. మా నాన్న పావియా పోయిన పదహారో రోజున మా చెల్లెలు హన్‌సీన్యెకు వీడు పుట్టాడు. నాన్న పేరు వీడి మీదికి దిగింది. పేరుతోపాటు నాన్న కూడా దిగాడు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే నేను వీణ్ని నాన్నా అన్నాను. మాటలొచ్చాక వీడు నన్ను బిడ్డా అన్నాడు. హన్‌సీన్యె కన్నతల్లి, అదీ వీణ్ని నాన్నా అనే పిలుస్తుంది, ముక్కు తుడుస్తూ కూడా. నాన్నకు ఇష్టమని సీల్ మాంసం చారులో ఎముక వీడికే వేస్తాం. ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిదల్లా ఒక్కటే, పోయినవాళ్ల పేరు మోసేవాణ్ని తిట్టకూడదు. తిడితే పోయినవాడు నొచ్చుకుని వెళ్లిపోతాడు.

ఊరందర్నీ తిట్టగలను. పాస్టరు గారిని కూడా తిట్టాను. వీణ్ని తప్ప. నోటితో అనలేను కాబట్టి ఇక్కడైనా 'వాడు' అంటాను. వాడు, వాడు, వాడు. మూర్ఖుడు వాడు.

జూన్ 15

నాన్న చెప్పిన మాటే అది. కాకపోతే నాన్న కాలం వేరు. అప్పుడు మంచుగోడ ఇంకా మూడు మలుపులు ఇవతల ఉండేది, పిట్టలూ వేరు. ఆ మాట ఇప్పటి గోడకు వర్తించదు. ఈ సంగతి పావియాకు నెమ్మదిగా చెప్పాలి.

జూన్ 15, మళ్లీ

సరే. ఎవరు చూస్తారు గనక.

నాన్న ఆ మాట చెప్పలేదు. నేను కల్పించాను.

రెండేళ్ల కిందట కొలతల యెప్పె వచ్చాడు కదా, మంచుగోడ ఎంత కరిగిందో కర్రలు పాతి చూసుకునేవాడు. మా వంటింట్లో కూర్చుని నా కేకు మూడో ముక్క తింటూ, "మీ పెద్దవాళ్లు ఏమనేవారు బొలెత్తె గారూ?" అని రోజూ ఒకటే నస. ఉన్నవన్నీ చెప్పాను. గోడ ముందు గట్టిగా మాట్లాడకూడదని చెప్పాను. రేవులో నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోతే పిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కాలని చెప్పాను. గోడ పైముక్క పడ్డాక అయిపోయిందనుకోకూడదు, నీళ్లలో మునిగి ఉన్న దాని పాదం ఆ తరవాత ఊడుతుంది, ఊడి ఎక్కడో దూరంగా, నువ్వు ఇక్కడ భయం లేదులే అనుకున్న చోట, నీలంగా పైకి లేస్తుంది, పడవ దాని మీదుంటే ఇక పడవ లేదు అని చెప్పాను. నాన్న నాతో మంచుగోడ గురించి అన్న మాట అన్నిటికంటే చిన్నది. "దూరంగా ఉండు." అదీ చెప్పాను.

వాడి పెన్ను కదలలేదు. "అవునవును, ఇవి మాకు తెలిసినవే" అన్నాడు. నోరు తుడుచుకుని నాలుగో ముక్క తీసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. అప్పుడన్నాను, పిట్టల సంగతి. మా నాన్న రహస్యంగా చెప్పాడన్నాను. గొంతు కూడా తగ్గించాను. ఇక చూడాలి, ఆ పెన్ను మంచు మీద కుక్కల బండిలా పరిగెత్తింది. వాడు వెళ్లాక హన్‌సీన్యె ముందు నటించి చూపించి కడుపు పట్టుకుని నవ్వాను. కాదు, హన్‌సీన్యె ముందు నవ్వలేదు. ఒక్కదాన్నే నవ్వాను. నాన్న పేరు కలిపాను కదా, దాని ముందు నవ్వితే కొట్టేది.

యెప్పె వాళ్ల భాషలో గోడ విరిగితే మంచు ఈనింది అంటారట, ఆవులాగా. మా ఊళ్లో ఆవును చూసినవాడు లేడు. మంచు ఈనిందట! ఈనితే దూడను నాకుతుంది. ఇది ఎదుట ఉన్నదాన్ని నీళ్లలో తొక్కుతుంది.

ఆ పిట్టలు అక్కడ ఎందుకుంటాయో అయిదేళ్ల పిల్లనడిగినా చెబుతుంది. గోడ కింద నుంచి కరిగిన నీళ్లు బుడబుడ పైకి వస్తాయి, వాటితోపాటు రొయ్యలు వస్తాయి. పిట్టలు తింటున్నాయి. కడుపు నిండేదాకా కూర్చుంటాయి. అంతే.

జూన్ 19

పట్నంలో ఆ బోర్డు పెట్టిన ఆఫీసుకు ఫోన్ చేశాను. దుకాణంలోంచి, అందరూ వింటుండగా. ఎత్తిన ఆవిడకు ఊరి పేరు చెప్పాను, బోర్డు చెప్పాను, దాని మీద ఉన్నది అబద్ధం, పీకేయండి అన్నాను.

"మీ పేరండీ?"

"బొలెత్తె."

అవతల నవ్వు. "పోస్టాఫీసులో ఎలుగుబంటి దూరిందని పోయినేడు ఫోన్ చేసిన బొలెత్తె గారేనా?"

"అది వేరు. అప్పుడు..."

"మా వాళ్లు తుపాకులేసుకుని పడవ కట్టుకుని వచ్చారండీ."

"వచ్చి కాఫీ తాగి పోయారు కదా, ఏం నష్టం?"

"ఆ బోర్డు మీద మాటలు కరపత్రంగా కూడా వేశామండీ, మూడు భాషల్లో. అందరికీ ఎంత నచ్చిందో! మీ నాన్నగారు చాలా గొప్పవారు" అని పెట్టేసింది.

దుకాణంలో ఉన్నవాళ్లందరూ నవ్వుతున్నారు. సకేయుస్ అయితే కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఈసారి బాగా ఆడావు బొలెత్తె! ఆఖరికి మీ నాన్నను కూడా వదల్లేదు" అన్నాడు. ఎదురుగా ఉన్న పిండి డబ్బా వాడి నెత్తిన వేద్దామనుకున్నాను. నర్సమ్మ గుర్తొచ్చి ఇక్కడ రాస్తున్నాను. సకేయుస్ గాడి మొహం వాడి కుక్క కూడా చూడదు.

జూన్ 20

పావియా వెళ్లాడు. వచ్చాడు.

జూన్ 21

జాతీయ దినం. జెండా, పాటలు, కాఫీ విందు. పావియా కొత్త తెల్ల చొక్కా తొడుక్కుని పాస్టరు గారి పక్కన నిలబడ్డాడు. ముసలివాళ్లు ఒక్కొక్కరూ వచ్చి చేయి కలిపి "నీ మాట రేకు మీదికి ఎక్కింది పావియా" అంటున్నారు. వాడు తల దించుకుని సిగ్గుపడుతున్నాడు, అచ్చం నాన్న సిగ్గుపడ్డట్టే. నాన్న బతికుండగా ఆయన్ను ఎవరూ ఇలా పొగడలేదు. బతికుండగా ఆయన ఎక్కువ మాట్లాడలేదు కాబట్టి.

కేకు ప్లేటులోనే వదిలేశాను. నా కేకే అది.

జూన్ 24

పడవ సీట్ల కింద కుళ్లిన చేప కార్జం రెండు సంచులు పెట్టాను. ఎర్రకోట్లవాళ్లు నల్లదిబ్బ దాకా కూడా ఆగలేరు, వెనక్కి తిప్పమంటారు అనుకున్నాను. వాంతులు చేసుకున్నారు, నిజమే. చేసుకుంటూనే గోడ దాకా వెళ్లారు. తిరిగొచ్చి దిగుతూ ఒకామె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. జీవితంలో ఇంత అందం చూడలేదట. ఆమె గడ్డానికి వాంతి ఇంకా అంటుకునే ఉంది.

పావియా సంచులు రెండు వేళ్లతో పట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. గుమ్మం ముందు పెట్టాడు.

"బిడ్డా, ఇవి నీవే అనుకుంటా."

"నావి కావు."

"చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు. నా బూట్లలో సొరచేప ముక్క దాచింది గుర్తుందా?"

గుర్తుంది. అది నాన్న బూట్లలో. నాకు తొమ్మిదేళ్లప్పుడు. వాడు అప్పటికి పుట్టనే లేదు.

తలుపు వేసుకున్నాను. వేసుకుని తలుపును తన్నాను. కాలి బొటనవేలు వాచింది. దీనికీ యెప్పె గాడే కారణం.

జూన్ 28

రోజూ లెక్కపెడుతున్నాను, పడవ వెళ్లింది, పడవ వచ్చింది. వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా ఏ పనీ సాగదు. నేను పనిచేసే చేపల షెడ్డులో కత్తి జారి వేలు తెగింది. మేస్త్రీ అడిగితే చేప కరిచిందన్నాను.

జూలై 2

ఇవాళ నేనూ పడవ ఎక్కాను. ఎర్రకోట్లవాళ్లకు కాఫీ పోసే మనిషి కావాలని నేనే పుట్టించి, నేనే ఆ పనికి కుదిరాను.

నల్లదిబ్బ దాటాం. నాన్న పోయాక నేను దిబ్బ దాటడం ఇదే మొదలు. గోడ ఎదురుగా పెరుగుతూ వచ్చింది, తలెత్తితే టోపీ పడిపోయేంత. పది ఇళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. నీలం చారలు, నల్ల చారలు, మధ్యలో మనిషి పట్టేంత పగుళ్లు. లోపల్నుంచి ఎముకలు విరుచుకుంటున్నట్టు చప్పుడు. అది పైన కనిపించేది. కింద నీళ్లలో దానికి ఎన్నింతలుందో, ఆ కింద వెచ్చటి నీళ్లు దాన్ని ఎంత కొరుక్కు తిన్నాయో ఎవడికి తెలుసు? యెప్పెకు కూడా తెలియదు. వాడి కర్రలు పైనే ఉంటాయి.

పిట్టలు కూర్చునే ఉన్నాయి. హాయిగా, వెధవ పిట్టలు, కడుపులు నింపుకుంటూ.

పావియా ఇంజన్ ఆపాడు. గోడ ముందు గొంతెత్తకూడదు కాబట్టి నా కోపమంతా గుసగుసగా వచ్చింది. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో నాకు ఇవాళే తెలిసింది.

"నాన్నా, విను. ఆ పిట్టల మాట నువ్వు చెప్పలేదు."

"ఏంటి?"

"నేను కల్పించాను. యెప్పెకు కేకు పెట్టి, నీ పేరు పెట్టి కల్పించాను. ఆ పిట్టలకు ఏమీ తెలియదు. పడవ తిప్పు."

వాడు నా మొహం చూశాడు. నేను చాలా నిజంగా మొహం పెట్టాను. అదే తప్పయిందనుకుంటాను, వాడి భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. గోడ ముందు నవ్వకూడదని పిడికిలి కొరుక్కుంటున్నాడు.

"పోస్టాఫీసులో ఎలుగుబంటి. ఈస్టరుకు చర్చి గంట నాలుకకు గుడ్డ. ఇప్పుడు ఇదా? బిడ్డా, నీకు యాభై నాలుగేళ్లు."

"ఒట్టు."

"గంట అప్పుడు కూడా ఒట్టే వేశావు. బైబిలు మీద."

"నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకుంటావు, పట్టుకుని బూటు లేసులు రెండూ కలిపి ముడేస్తావు. నాకు తెలీదా?"

ఎర్రకోట్లవాళ్లలో ఒకాయన ఇంకొంచెం దగ్గరికి అని చేయి ఊపాడు. పావియా తెడ్డుతో ఇంకొంచెం జరిపాడు. తిట్లు నా నాలుక చివరిదాకా వచ్చాయి, ఇరవై ఆరేళ్ల తిట్లు. నోరు తెరిచాను. వాడు నాన్నలాగే ఎడమ కన్ను చికిలించి గోడను చూస్తున్నాడు. నోరు మూసుకున్నాను. పడవ అంచు పట్టుకుని కూర్చున్నాను, ఎంతసేపో తెలియదు. ఆ కాస్త దూరమూ మా కింద నల్లటి నీళ్లు. ఆ నీళ్లలోంచి పాదం లేస్తే మాకు చప్పుడు వినబడే టైము కూడా ఉండదు.

ఏమీ జరగలేదు. వెనక్కి వచ్చాం. జరగకపోయేసరికి ఇంకా ఒళ్లు మండింది. ఇప్పుడు వాడికి ఆ మాట మీద నమ్మకం రెండింతలైంది.

జూలై 3

హన్‌సీన్యె వచ్చింది. కూర్చోలేదు.

"పడవలో ఏం కూశావే?"

"నిజం చెప్పాను."

"నిజమా? నాన్న అనని మాట అన్నాడని ఊరంతటికీ చెప్పావా నువ్వు?"

"చెప్పాను. అందుకే చస్తాడు. నీ కొడుకు."

దాని మొహం పాలిపోయింది. నమ్మిందనుకున్నాను. కానీ అది కుర్చీ వీపు పట్టుకుని అంది, "నాన్న పోయేటప్పుడు నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. నీకైనా ఒకటి చెప్పి పోయాడని, ఆ బోర్డు చూశాక కదా నేను సంతోషపడ్డది. అది కూడా లాక్కుంటావా?"

"చెప్పాడు. దూరంగా ఉండు అని చెప్పాడు."

"అది అందరికీ చెప్పేదేగా!"

యెప్పె కూడా అదే అన్నాడు. మాకు తెలిసినవే అని.

"నీ నోట్లోంచి ఒక నిజం వచ్చినా దాన్ని ఎలా గుర్తుపట్టాలే అక్కా?" అని వెళ్లిపోయింది. తలుపు మెల్లగా వేసింది. గట్టిగా వేసినా బాగుండేది.

జూలై 9

ఇవాళ రెండుసార్లు వెళ్లాడు.

జూలై 12

రెండుసార్లు.

జూలై 17

ఈ రోజు జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున ఊళ్లో పొగమంచు. పడవలేవీ బయలుదేరలేదు. పావియా ఇంజన్ విప్పి నూనె మారుస్తున్నాడు. నేను తినే కాడలు కోసుకోవడానికి వెనక కొండ ఎక్కాను. సగం ఎక్కేసరికి పొగ కిందే ఉండిపోయింది, పైన ఎండ. మంచుగోడ మొత్తం స్పష్టంగా కనిపించింది. గోడ అంచు మీదా, కింద నీళ్ల మీదా తెల్లపిట్టలు కూర్చుని ఉన్నాయి. ఊరికే లెక్కపెట్టాను. నలభై ఏడు.

పదకొండూ ఇరవైకి తుపాకీ పేలినట్టు చప్పుడు. పిట్టలు లేవలేదు. గోడకు కుడివైపు నుంచి గీత ఒకటి పైనుంచి కిందికి దిగింది. పిట్టలు లేవలేదు. ఆ ముక్క, మా ఊరంత ముక్క, ముందుకు వంగింది, పిట్టలు దాని మీద కూర్చునే ఉన్నాయి, అలాగే వాటితో సహా నీళ్లలో పడింది. తెల్లటి దుమ్ము లేచింది. అది తగ్గుతుండగా, గోడకు బాగా ఇవతల, పావియా పడవ ఆపే చోటుకి ఇంకా ఇవతల, నీళ్లు ఉబ్బి పాదం లేచింది, నీలంగా, నీళ్లు కారుతూ, చర్చి కంటే ఎత్తు. లేచి దొర్లింది. దొర్లుతూనే ఉంది.

కొండ దిగేసరికి రేవులో నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. అందరూ మెట్ల మీదున్నారు. అల మూడుసార్లు వచ్చింది. సకేయుస్ పడవ చేపల షెడ్డు కప్పు మీద ఉంది. మనుషులకు ఏమీ కాలేదు.

జూలై 18

పావియాను పిలిపించాను. కాఫీ పోశాను. కేకు చేయలేదు, కేకు పెడితే ఏదో ఆట అనుకుంటాడని.

"నిన్న నేను కొండ మీదున్నాను నాన్నా. చూశాను. పిట్టలు లేవలేదు."

వాడు కప్పు దించాడు. "మళ్లీ మొదలా?"

"నమ్మకు. నన్ను నమ్మకు. నా నోటిని ఎవరూ నమ్మక్కర్లేదు." నోటుబుక్కు తీశాను. "నర్సమ్మ చెప్పిందని రాసుకుంటున్నాను. ఎవరికీ చూపించేది కాదిది. నాకోసం నేను రాసుకున్నదాంట్లో ఎవర్ని ఏడిపించడానికి అబద్ధం రాస్తాను?"

నిన్నటి పేజీ తెరిచి, మిగతా పేజీలు బొటనవేలితో అదిమిపట్టి, వాడి ముందు పెట్టాను. పెదాలు కదుపుతూ చదివాడు. నలభై ఏడు దగ్గర ఆగాడు. పాదం లేచిన చోటు దగ్గర చాలాసేపు ఆగాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"నేను పడవ ఆపే చోటుకి ఇవతలా?"

"ఇవతల."

"పిట్టలు అలాగే?"

"అలాగే."

నోటుబుక్కు నా వైపు జరిపాడు. తరవాత అన్నాడు, "అయితే నేను తప్పు చెప్పాను."

నేను నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నీకు చిన్నప్పుడు తప్పు చెప్పాను బిడ్డా. నువ్వు దాన్ని ఇన్నాళ్లూ దాచుకుని, నమ్మి, పదిమందికీ చెప్పావు. పడవలో ఆ రోజు అంత గింజుకున్నావు ఎందుకా అనుకున్నాను. నా పరువు పోకూడదని తప్పు నీ మీద వేసుకున్నావు కదూ?"

"కాదు నాన్నా."

"ఊరుకో. నాకు తెలుసులే."

లేచాడు. షెడ్డు పక్కనున్న నల్ల రంగు డబ్బా, బ్రష్షు తీసుకుని రేవుకు నడిచాడు. అక్కడ షెడ్డు కప్పు మీదినుంచి సకేయుస్ పడవను దించుతున్న జనమంతా ఉన్నారు. వాడు బోర్డు ముందు నిలబడి టోపీ తీశాడు.

"నేను పావియాను. పిట్టల మాట నాది. అది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. ఇక మీదట నల్లదిబ్బ దాటి ఎవరూ పోవద్దు. నేనూ పోను."

పట్నం ఆఫీసు పీకని బోర్డును నల్లగా పూశాడు. ఒక్కరు అడ్డం చెప్పలేదు. పావియా మాటను పావియా వెనక్కి తీసుకుంటే ఎవడు అడుగుతాడు? ముసలివాళ్లు కూడా టోపీలు తీశారు. హన్‌సీన్యె కోటు అంచుతో కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "పాపం నాన్న" అంది.

ఎముకల దాకా మండింది నాకు. గొంతు చించుకుని అరవాలనిపించింది. రేవులో అరవకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. అరవలేదు.

జూలై 20

ఎర్రకోట్లవాళ్లను నల్లదిబ్బ దగ్గర ఆపి, అక్కణ్నుంచే చూపించి తీసుకొచ్చాడట. చాలా దూరంగా ఉందని వాళ్లు గొణిగారట. గొణుక్కోనీ.

జూలై 21

ఊళ్లో ఇప్పుడు అనుకుంటున్నది ఏమిటంటే, పావియా గొప్ప వేటగాడే గానీ పిట్టల సంగతిలో పొరబడ్డాడట. దుకాణం దగ్గర అన్నారు, చర్చి దగ్గర అన్నారు. వయసు మీదపడ్డాక అలాంటివి ఊహించుకుని ఉంటాడులే అని సకేయుస్ జాలిపడ్డాడు. మా నాన్న మీద జాలి! బతికున్నన్నాళ్లూ ఒక్క అనవసరపు మాట అనని మనిషి మీద. సకేయుస్ కుక్కను కాదు, ఈసారి వాడినే కట్టేయాలి. కానీ నిజం చెప్పలేను. నోరు తెరిస్తే పావియా మళ్లీ నల్లదిబ్బ దాటుతాడు.

నర్సమ్మ మళ్లీ రక్తపోటు చూసింది. బాగా తగ్గిందంది. రాయడం పనిచేసింది అంది.

పదిహేడో తేదీన నేను కొండ ఎక్కలేదు. జూన్‌లో తన్నిన బొటనవేలు ఇంకా నొప్పిగానే ఉంది. వంటింట్లో కూర్చుని చేప తలలు తీస్తున్నాను. కిటికీ అంతా పొగమంచు, ఎదురింటి గోడ కూడా కనబడలేదు. చప్పుడు విన్నాను, కప్పులు కదిలాయి, కత్తి పడేసి రేవుకు పరిగెత్తాను. గోడ విరగడం నిజం. అల నిజం. పిట్టలు ఆ టైముకి కూర్చున్నాయో, లేచాయో, అసలు అక్కడ ఉన్నాయో లేవో నేను చూడలేదు. నలభై ఏడు నా నోటికి వచ్చిన అంకె.